తీరం మీద గాలిని రాసిపెట్టినవారు
కోరంగి నుంచి నేటి వరకు తుఫాను పరిశీలన చరిత్ర

తెలుగు తీరంలో కాలాన్ని తుఫానులతో కొలవడం పాత అలవాటు. బందరులో, యానాంలో, గంజాం తీరంలోని తెలుగు పల్లెల్లో వయసు మళ్ళినవారిని పుట్టిన ఏడు అడిగితే, ఫలానా గాలివానకు ముందు అనో, ఫలానా ఉప్పెన అయిన రెండేళ్ళకు అనో చెప్పడం కద్దు. జ్ఞాపకంలో ఇంత స్థానం ఉన్న విషయానికి మన చరిత్ర రచనలో ఉన్న స్థానం మాత్రం స్వల్పం.

తుఫానుల వల్ల కలిగిన నష్టాల గురించి కొంత రాశారు. కాని గాలిని చూసి, దాని దిక్కును గుర్తించి, వేళతో సహా రాసిపెట్టి, ఆ రాతల ద్వారా తుఫాను స్వభావాన్ని తెలుసుకున్నవారి చరిత్ర తెలుగులో తక్కువగా కనిపిస్తుంది. ఆ చరిత్రలో ఒక విశేషం ఉంది. వాతావరణ శాఖ ఏర్పడక ముందే, అది తమ ఉద్యోగం కాకపోయినా ఆసక్తి కొద్దీ ఆకాశాన్ని చూసినవారు ఈ పనికి పునాది వేశారు. ఆ పునాది పడిన చోట్లలో కోరంగి ఒకటి, విశాఖపట్నం మరొకటి. వారి ముందున్న పనులు రెండు. చూసింది చూసినట్టు రాయడం మొదటిది. తెలిసినదాన్ని తీరం మీది మనిషికి అందించడం రెండోది. మొదటి పని చురుకుగానే సాగింది. రెండోది చాలాకాలం సాగలేదు. మన తీరంలో జరిగిన ప్రాణనష్టానికీ ఈ రెండో పని జరగకపోవడానికీ దగ్గరి సంబంధం ఉందని ఈ వ్యాసంలో చూపదలిచాం.

మాటలు

ముందుగా మాటల సంగతి చెప్పుకోవాలి. తుఫాను అన్నది అరబీ, పారశీక భాషల నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. గాలివాన, సుడిగాలి, ఉప్పెన మన సొంత మాటలు. గాలివాన పైనుంచి వచ్చేది, ఉప్పెన సముద్రం నుంచి వచ్చేది. 1864లో బందరును ముంచినదాన్ని బందరు ఉప్పెన అన్నారు. 1977లో జరిగినదాన్ని దివిసీమ ఉప్పెన అన్నారు. 1996లో కోనసీమలో కొబ్బరి చెట్లను కూల్చినదాన్ని మాత్రం తుఫాను అనే అంటారు. జనం ఈ మాటలను ఊరికే వాడలేదు. గాలి చేసే నష్టం వేరు, నీరు చేసే నష్టం వేరు అన్న తెలివిడి ఈ వాడుకలోనే ఉంది.

అల్పపీడనం, వాయుగుండం అన్నవి పత్రికల ద్వారా, రేడియో ద్వారా ఇంటింటికీ చేరిన మాటలు. గుండం అంటే నదిలో నీరు సుడి తిరిగే లోతైన చోటు. గాలి అలాగే సుడి తిరుగుతుందన్న ఊహ వాయుగుండంలో ఉంది. శాస్త్ర పరిభాషలో ఈ మాటలకు కొలతలున్నాయి. గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వరకు ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 వరకు తుఫాను, 89 నుంచి 117 వరకు తీవ్ర తుఫాను. 222కు చేరితే అది పెను తుఫాను.

మన విద్యార్థులు నివసించే రాష్ట్రాల్లో ఇదే వస్తువుకు వేరు పేర్లున్నాయి. తమిళులు పుయల్ అంటారు. కన్నడిగులు చండమారుత అంటారు. ఒడియాలో బాత్యా, మరాఠీలో చక్రీవాదళ్. చండమారుతంలో గాలి ఉగ్రత కనిపిస్తుంది, చక్రీవాదళంలో దాని తిరుగుడు కనిపిస్తుంది. హెచ్చరిక ఒక భాషలో వెలువడి మరో భాషవారికి చేరవలసినప్పుడు ఈ పేర్ల తేడా చిన్న విషయం కాదు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

కోరంగి, పిడింగ్టన్

గోదావరి గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, యానాంకు కూతవేటు దూరంలో కోరంగి ఉంది. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో అది పేరున్న రేవు. ఓడలు కట్టేవారు, పాత ఓడలను బాగుచేసేవారు. ఈ తీరం నుంచి బర్మాకు వలస వెళ్ళిన తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలిచారంటే ఆ రేవు ప్రసిద్ధి ఎంతటిదో ఊహించవచ్చు. ఆ తర్వాత మేటలు వేసి రేవు పూడిపోయింది. వ్యాపారం కాకినాడకు తరలింది.

1839 నవంబరు 25న కోరంగిని పెద్ద తుఫాను తాకింది. పంచాంగం ప్రకారం అవి అనూరాధ కార్తె రోజులు. ఓడలు దెబ్బతిన్నాయి, సముద్రం ఊరి మీదికి వచ్చింది. అదే కాలంలో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషువాడు తుఫానుల మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆయన వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రజ్ఞుడు కాదు. అటువంటి వృత్తే మన దేశంలో అప్పటికి లేదు. వర్తక ఓడల్లో పనిచేసి, కలకత్తాలో స్థిరపడి, తర్వాత అక్కడి ఓడ ప్రమాదాల విచారణ న్యాయస్థానానికి అధ్యక్షుడయ్యాడు. ఇంజనీరు సైనికాధికారి విలియం రీడ్ 1838లో తుఫానుల నియమాల మీద ప్రచురించిన పుస్తకం ఆయనకు దారి చూపింది. అంతకుముందు 1831లో అమెరికాలో ఇదే విషయం మీద రాసిన విలియం రెడ్‌ఫీల్డ్ జీను తయారీ పనితో బతుకు మొదలుపెట్టి, ఆవిరి ఓడల వ్యాపారంలో స్థిరపడినవాడు. ముగ్గురికీ ఇది ఆసక్తి కొద్దీ చేసిన పనే.

పిడింగ్టన్ పద్ధతి వినడానికి సులువు, చేయడానికి ఓపిక కావాలి. ఓడల లాగ్ పుస్తకాల్లో కెప్టెన్లు గంటగంటకూ గాలి దిక్కును, బారోమీటరు మట్టాన్ని రాసేవారు. పిడింగ్టన్ ఒకే తుఫానులో చిక్కిన వేర్వేరు ఓడల లాగులను సంపాదించాడు. ఒకే వేళకు ఏ ఓడ ఎక్కడుందో, అక్కడ గాలి ఎటు వీచిందో సముద్రపటం మీద గుర్తు పెట్టాడు. ఆ బాణాలన్నీ కలిస్తే ఒక వలయం వచ్చింది. మన అర్ధగోళంలో ఆ వలయం గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. ఒక్క ఓడవాడికి ఇది తెలిసే వీలు లేదు. అతనికి తన చోటి గాలి ఒక్కటే తెలుసు. పదిమంది రాతలు ఒకచోట చేరినప్పుడే తుఫాను ఆకారం బయటపడుతుంది.

ఆయన ఈ పరిశోధనలను బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వరుసగా ప్రచురించాడు. 1839 నవంబరు నాటి కోరంగి తుఫాను వాటిలో ఒకదానికి విషయం. 1848లో నావికుల కోసం ఒక పుస్తకం వెలువరించి, అందులో సైక్లోన్ అనే కొత్త మాటను ప్రతిపాదించాడు. చుట్ట చుట్టుకున్న పామును స్ఫురింపజేసే గ్రీకు మాట దానికి ఆధారం. పుస్తకంతో పాటు కొమ్ముతో చేసిన పారదర్శకమైన రెండు పలకలు కూడా ఇచ్చాడు. గాలి దిక్కుల వలయాలు గీసిన ఆ పలకను పటం మీద పెట్టుకుంటే, తుఫాను కేంద్రం ఎటు ఉందో నావికుడు అంచనా వేసుకోగలడు. నేడు ప్రపంచమంతా వాడే ఆ మాట వెనుక జరిగిన పరిశీలనల్లో తెలుగు తీరానికి చెందిన కోరంగి ఉండడం మనం గుర్తుంచుకోదగిన విషయం.

పిడింగ్టన్ జీవితంలోనే రెండో పని ఎంత కష్టమో చూపే ఘట్టం ఒకటుంది. కలకత్తాకు దిగువన మాతలా నది మీద కొత్త రేవు కడుతున్నప్పుడు, తుఫానుతో వచ్చే ఉప్పెన దాన్ని ముంచేస్తుందని 1853లో ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి రాశాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. క్యానింగ్ పేరుతో రేవు వెలిసింది. పిడింగ్టన్ 1858లో మరణించాడు. 1867లో తుఫాను ఆ రేవును దెబ్బతీసింది.

అంకెల చిక్కు

కోరంగి చరిత్ర చదివేవారికి అంకెల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 1839 తుఫానులో 3 లక్షల మంది చనిపోయారని, 20 వేల ఓడలు మునిగాయని అనేక పుస్తకాలు ఒకదాన్ని చూసి మరొకటి రాస్తూ వచ్చాయి. కోరంగి ఎంత పేరున్న రేవైనా ఒక్కసారిగా 20 వేల ఓడలు అక్కడ లంగరు వేసి ఉండడం నమ్మశక్యం కాదు. 3 లక్షల మంది అన్నా అంతే. ఇదే కోరంగిలో అంతకు అర్ధశతాబ్దం ముందు మరో ఉప్పెన వచ్చింది. మూడు పెద్ద కెరటాలు వరసగా ఊరిని ముంచాయని దాని గురించి చెబుతారు. అందులో పోయినవారు 20 వేలు అంటారు. దాని తేదీ కూడా కొన్నిచోట్ల 1787 మే అని, మరికొన్నిచోట్ల 1789 డిసెంబరు అని కనిపిస్తుంది. ఒక ఉప్పెనలోని మనుషుల సంఖ్య మరో ఉప్పెనలోని ఓడల సంఖ్యగా మారిపోయి ఉండవచ్చునని మా అభిప్రాయం.

ఈ చిక్కుకు కారణం వెతికితే విషాదకరమైన విషయమే తేలుతుంది. లాగ్ పుస్తకాలు రాసినవారు పెద్ద ఓడల కెప్టెన్లు. వాళ్ళ గాలి దిక్కులు, బారోమీటరు అంకెలు గంటల ప్రకారం మిగిలాయి. కోరంగి దోణీలు నడిపిన తండేళ్ళు, ఉప్పు పండించినవారు, వేటకు వెళ్ళినవారు ఎంతమంది పోయారో లెక్కపెట్టినవారు లేరు. గాలి చరిత్ర మనకు సవివరంగా దొరుకుతుంది. మనుషుల చరిత్ర గుండుసున్నాలతో దొరుకుతుంది.

విశాఖపట్నం వేధశాల

తెలుగువారే స్వయంగా పూనుకుని ఆకాశాన్ని కొలిచిన ఉదాహరణ విశాఖపట్నంలో ఉంది. జమీందారీ కుటుంబానికి చెందిన గోడే వెంకట జగ్గారావు యువకుడిగా మద్రాసు వెళ్ళి, అక్కడి వేధశాలకు అధిపతిగా ఉన్న టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నాడు. మద్రాసు వేధశాల తారలతో పాటు వాతావరణాన్ని కూడా పరిశీలించేది. తిరిగి వచ్చాక 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో డాబా గార్డెన్స్ లోని తన నివాసంలోనే సొంత ఖర్చుతో వేధశాల ఏర్పాటు చేశాడు. 1856లో ఆయన చనిపోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నిలబెట్టాడు. 1868 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్నీ, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిన దృశ్యాన్నీ ఆయన పరిశీలించాడు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా చేర్చుకుంది.

ఈ వేధశాల పేరు చెప్పగానే ఖగోళమే గుర్తుకు వస్తుంది. వాతావరణ పరిశీలనలు కూడా అక్కడ సాగాయన్నది తక్కువమందికి తెలుసు. గ్రహణం ఎప్పుడో ఒకసారి వస్తుంది. బారోమీటరును రోజూ చూడాలి, వాన పడినా పడకపోయినా రాయాలి. అటువంటి పనిలో పేరు రాదు. ఆ రోజుల్లో ప్రభుత్వం నుంచి జీతం ఆశించకుండా ఒక తెలుగు కుటుంబం తరతరాలుగా వేధశాల బాధ్యత మోయడం మన విజ్ఞానశాస్త్ర చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం. అయితే ఆ పరిశీలనల ఫలితాలు ఇంగ్లీషులో ప్రచురితమై పండితులకు చేరాయి. ఆ మేడ కింద సముద్రం ఒడ్డున వల లాగేవాడికి అవి చేరే మార్గం లేదు.

శాఖ వచ్చింది

1864 మన దేశ వాతావరణ చరిత్రలో మలుపు. ఆ ఏడు అక్టోబరు 5న కలకత్తాను పెను తుఫాను తాకింది. నాలుగు వారాలు తిరగకముందే, నవంబరు 1 రాత్రి, స్వాతి కార్తెలో, బందరు మీదికి సముద్రం వచ్చింది. మామూలు పోటు మట్టం కంటే 13 అడుగులు ఎత్తున వచ్చిన నీటిలో సుమారు 30 వేల మంది పోయారు. ఆ దెబ్బ నుంచి బందరు పూర్వపు స్థితికి మళ్ళీ చేరలేదు.

కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు 1865లో జరిగింది. వానలు తప్పిన 1866లో ఒరిస్సాలోనూ గంజాంలోనూ క్షామం వచ్చింది. ఇటువంటి అనుభవాల ఫలితంగా 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ భూగర్భ శాస్త్రజ్ఞుడు. మరుసటి ఏడే, 1876 అక్టోబరులో, విశాఖపట్నాన్ని తుఫాను తాకింది. ఆ నెలాఖరున బెంగాల్‌లోని బాకర్‌గంజ్‌లో ఉప్పెన వచ్చి లక్ష మంది వరకు మునిగిపోయారు. జాన్ ఇలియట్ ఈ రెంటినీ కలిపి నివేదిక రాశాడు. విశాఖపట్నం కొండలున్న తీరం, బాకర్‌గంజ్ నదీముఖం దగ్గరి పల్లపు నేల. తుఫాను బలం ఒక్కటే చావులను నిర్ణయించదని, నేల మట్టం కూడా నిర్ణయిస్తుందని ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. గోదావరి, కృష్ణా ముఖాల్లోని కోరంగి, బందరు, దివిసీమ పదేపదే మునగడానికి కారణం ఇదే.

దేశంలోని రేవులన్నిటికీ ఒకే రకమైన సంకేతాల పద్ధతి 1898లో వచ్చింది. పత్రికల్లో మనం చదివే “మూడో నంబరు ప్రమాద హెచ్చరిక” ఆ పద్ధతికి చెందినదే. సంకేతాలు 11 ఉన్నాయి. అంకె పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుందని జనం అనుకుంటారు. చాలావరకు నిజమే అయినా 8, 9, 10 నంబర్లు మూడూ మహా ప్రమాద సూచికలే. తుఫాను రేవుకు ఏ పక్క నుంచి దాటుతుంది, రేవు మీదుగానే దాటుతుందా అన్నదే వాటి మధ్య తేడా. అన్నిటికన్నా ఆలోచింపజేసేది 11వ నంబరు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ముప్పు ఉందని స్థానిక అధికారి భావిస్తున్నాడు అని దాని అర్థం. కేంద్రం నుంచి కబురు అందనప్పుడు స్థానికుడి చూపే ఆధారమని శాఖ తన పద్ధతిలోనే ఒప్పుకున్నట్టు దీన్ని చదవవచ్చు.

ఈ మాట పాతబడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా తీరం దాటినప్పుడు కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ ఆ గాలికే దెబ్బతింది. తుఫాను కేంద్రం నగరం మీదుగా సాగినప్పుడు గాలి కాసేపు ఆగింది. తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడింది. ఆ నిశ్శబ్దం ఏ పేటలో ఎప్పుడు మొదలై ఎంతసేపు ఉందో ఇంటి గడియారం చూసి రాసుకున్నవారి కాగితానికి విలువ ఉంటుంది.

గాలి దిక్కు చెప్పేది

పిడింగ్టన్ వంటివారి పరిశీలనల ఆధారంగా సామాన్యుడు కూడా గ్రహించగల నియమం ఒకటుంది. మన అర్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం ఎడమచేతి వైపు ఉంటుంది. తూర్పు నుంచి పడమరకు వస్తున్న తుఫాను మన తీరానికి చేరువవుతుంటే ముందు ఉత్తరపు గాలి వీస్తుంది. ఆ గాలి క్రమంగా పడమటికి తిరిగితే కేంద్రం మనకు ఉత్తరంగా దాటుతోందని అర్థం. అప్పుడు గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. అది తూర్పుకు తిరిగితే కేంద్రం మనకు దక్షిణంగా దాటుతోంది. అప్పుడు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఉప్పెన వచ్చేది ఆ పక్కనే.

1977 నవంబరు 19న జరిగింది ఇదే. తుఫాను కేంద్రం చీరాల దగ్గర తీరం దాటింది. అంతకన్నా ఎక్కువ చావులు దానికి ఈశాన్యంగా ఉన్న దివిసీమలో సంభవించాయి. సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు వచ్చింది. మొత్తం మృతులు 10 వేలకు పైనే. కేంద్రం ఎక్కడ దాటుతుందో ఆ ఊరికే ముప్పు అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. పిడింగ్టన్ పుస్తకం అప్పటికి దాదాపు 130 ఏళ్ళ నాటిది. నియమం కొత్తది కాదు. రేడియోలో తుఫాను వార్త కూడా వచ్చింది. కాని తుఫాను అన్న మాటలో ఉప్పెన ఉందని పల్లపు గ్రామాల్లో ఉన్నవారికి విడమరిచి చెప్పి, వారిని లేపి మెరకకు తీసుకువెళ్ళే యంత్రాంగం అప్పుడు లేదు.

అందని కబురు, అందిన కబురు

ఆ తర్వాత జరిగిన మార్పును కొన్ని సంవత్సరాల పోలికతో చూపవచ్చు. 1990 మేలో కృష్ణా ముఖం దగ్గర తీరం దాటిన తుఫాను కూడా చాలా బలమైనదే. ఆరు లక్షల మందికి పైగా ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపు. తుఫాను షెల్టర్లు, రెవెన్యూ సిబ్బంది, వైర్‌లెస్, ఇంటింటికీ తిరిగి చెప్పడం కలిసి ఈ తేడా తెచ్చాయి.

అయితే 1996 నవంబరు 6న యానాం, కోనసీమ ప్రాంతాన్ని తాకిన తుఫాను ఇంకో లోపాన్ని బయటపెట్టింది. వెయ్యికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో ఉన్నారు. నేల మీద ఉన్నవాడికి చాటింపు వినబడుతుంది, షెల్టరు దొరుకుతుంది. సముద్రం మీద రోజుల తరబడి ఉండే పడవవాడికి ఆ రోజుల్లో కబురు చేరే దారి లేదు. కోరంగి దోణీల కాలం నాటి స్థితి ఆ మేరకు మారలేదన్నమాట.

ఒరిస్సా తీరంలో 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర ఒక తుఫాను, 29న పారాదీప్ దగ్గర పెను తుఫాను తీరం దాటాయి. రెండోదానిలో దాదాపు 10 వేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. సుమారు పది లక్షల మందిని తరలించారు. మృతుల సంఖ్య వందకు చేరలేదు. గాలి తగ్గలేదు. కబురు చేరింది.

ఇక్కడ భాష సంగతి మళ్ళీ వస్తుంది. గోపాల్‌పూర్‌లో, పూరీలో నోలియాలని పిలిచే మత్స్యకారులు తెలుగు మాట్లాడతారు. చుట్టూ ఉన్న పాలనా భాష ఒడియా. 2019 మే 3న ఫొని పూరీ దగ్గర తీరం దాటినప్పుడు, లేదా పైలిన్ నాడు, వారికి కబురు ఏ భాషలో అందింది? బాత్యా అన్న మాట విన్నప్పుడు వారు గాలిని ఊహించుకున్నారా, ఉప్పెనను ఊహించుకున్నారా? పెద్దవాళ్ళకు ఎవరు తిప్పి చెప్పారు? బడికి వెళ్ళే పిల్లలా, చర్చి పాస్టరా, సంఘం పెద్దా? ఈ ప్రశ్నలకు జవాబులు ఏ శాఖ రికార్డులోనూ ఉండవు. అడిగి రాసుకుంటేనే దొరుకుతాయి. అడగగలిగినవారు రెండు భాషలూ వచ్చిన మన విద్యార్థులే.

నేటి ఆసక్తిపరులు

ఉపగ్రహ చిత్రాలు, రాడార్ చిత్రాలు అందరికీ అందుబాటులోకి వచ్చాక ఆసక్తిపరుల తరం మళ్ళీ తలెత్తింది. చెన్నైలో ప్రదీప్ జాన్ తమిళనాడు వెదర్‌మాన్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఆంధ్ర రైతులకు వాతావరణ విశేషాలు అందిస్తున్న సాయి ప్రణీత్‌ను ప్రధానమంత్రి 2021 జూలైలో తన రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. ఇతర రాష్ట్రంలో ఉంటూ సొంత సీమ ఆకాశాన్ని గమనించే తెలుగువాడికి ఇది మంచి ఉదాహరణ.

వీరి పని వల్ల ప్రయోజనం ఉంది. శాఖ జిల్లా మొత్తానికి చెప్పేదాన్ని వీరు మండలానికీ పేటకూ విడదీసి, వాడుక భాషలో చెబుతారు. స్థానిక కొలత ఎంత ముఖ్యమో ముంబయిలోని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు అదే నగరంలోని కొలాబాలో పడింది 73 మిల్లీమీటర్లు. ఒక్క కొలాబా అంకెను చూసినవాడు నగరం మునిగిందంటే నమ్మడు.

ఆసక్తికి ఒక హద్దు కూడా ఉంది. సముద్రానికి వెళ్ళవద్దని, ఊరు ఖాళీ చేయమని చెప్పే బాధ్యత శాఖది, ప్రభుత్వానిది. ఎవరికి తోచిన హెచ్చరిక వారు చేస్తే వినేవాడికి ఏది నమ్మాలో తెలియదు. రెండుసార్లు వట్టిదైన కబురు విన్నవాడు మూడోసారి కదలడు. పిడింగ్టన్ దగ్గర నుంచి ఆసక్తిపరులు నిజంగా సాధించినది జోస్యంలో లేదు. ఓపికగా రాసిన రాతల్లో, ఇతరుల రాతలను ఒకచోట చేర్చడంలో ఉంది.

విద్యార్థులు చేయదగిన పని

మా విద్యార్థులకు మూడు పనులు సూచిస్తున్నాం.

మొదటిది ఇంటి పెద్దల సాక్ష్యం. 1977ను, 1996ను, 1999ను చూసినవారు ఇంకా ఉన్నారు. గాలి ఎప్పుడు మొదలైంది, ఏ దిక్కు నుంచి, ఎటు తిరిగింది, మధ్యలో ఆగిందా, నీరు ఏ గోడ మీద ఎంతవరకు వచ్చింది, కబురు ఎవరు తెచ్చారు, ఏ మాటతో చెప్పారు అని అడగాలి. వారి మాటల్లోనే రాయాలి. గాలులకూ మబ్బులకూ సముద్రపు నీటి రంగుకూ మత్స్యకారులు వాడే పేర్లు నిఘంటువుల్లో అన్నీ లేవు. వాటిని చెప్పినవారి ఊరు పేరుతో సహా సేకరించాలి.

రెండోది పాత కాగితాలు. చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో మెకంజీ కైఫీయతులు ఉన్నాయి. యానాం విద్యార్థులకు ఫ్రెంచి పాలన నాటి రికార్డులు ఉన్నాయి. కోరంగి ఉప్పెనల తేదీలను, మృతుల సంఖ్యలను వాటితో పోల్చి చూడవలసి ఉంది. ఒక్క మరణాల పట్టిక దొరికినా, పుస్తకాల్లో పాతుకుపోయిన 3 లక్షల అంకె కంటే అది విలువైనది.

మూడోది రోజువారీ పుస్తకం. ఉన్న ఊళ్ళోనే, మేడ మీద ఒక వానమాని పెట్టి, రోజూ ఉదయం ఒకే వేళకు వాన కొలత, గాలి దిక్కు రాయడం. ఏడాది పాటు ఒక్కరోజు కూడా మానకుండా రాయడం మొదట్లో విసుగనిపిస్తుంది. ఏడాది నిండిన పుస్తకాలను మా శాఖకు పంపితే ఊరు, తేదీ వరుసలో భద్రపరుస్తాం. తెలుగులో రాసినవైతే మరీ సంతోషం.